ముసాయిదా చట్టంపై అభిప్రాయం: ఎప్పుడు, ఎవరికి, ఎలా రాయాలి

ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తరువాత 2012 డిసెంబరు 23న ఏర్పాటైన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘానికి నెల తిరగకముందే దాదాపు 80 వేల సూచనలు అందాయి. 2013 జనవరి 23న ఆ సంఘం నివేదిక ఇచ్చింది, ఆ ఏడాదే క్రిమినల్ చట్టాల సవరణ వచ్చింది. వైవాహిక అత్యాచారానికి ఉన్న మినహాయింపును తొలగించాలన్న సిఫార్సును మాత్రం ప్రభుత్వం స్వీకరించలేదు. మనం పంపే అభిప్రాయం ఎంతవరకు పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఈ ఒక్క ఉదంతం చాలావరకు చెబుతుంది. ఆ పరిధి తెలిసి రాసేవారికి ఉపయోగపడే సంగతులు ఇవి.

ముందుగా గమనించవలసింది గడువు. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, వాటితోపాటు సులభమైన భాషలో వివరణ కూడా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2014లో ఒక విధానం ప్రకటించింది. అది విధానమే తప్ప చట్టం కాదు కనుక, పాటించకపోయినా బిల్లు చెల్లకుండా పోదు. జమిలి ఎన్నికలపై రామ్‌నాథ్ కోవింద్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి సంఘం 2024 జనవరి 5న ప్రజాభిప్రాయం కోరుతూ ప్రకటన ఇచ్చి, జనవరి 15కే గడువు ముగించింది. వచ్చిన 21,558 స్పందనల్లో 80 శాతం అనుకూలమని నివేదికలో పేర్కొంది. రాజ్యాంగ సవరణ అవసరమయ్యే ఇంత పెద్ద మార్పుకు పది రోజుల గడువు చాలదని నా అభిప్రాయం. అయినా గడువు తక్కువని మానుకున్నవారి మాట ఆ లెక్కలో ఎలాగూ చేరదు.

బిల్లులను పరిశీలించే ఎంపీల బృందాలైన పార్లమెంటరీ స్థాయీ సంఘాలు సాధారణంగా 15 రోజుల గడువుతో పత్రికల్లో ప్రకటన ఇస్తాయి. శాఖలవారీగా ఇవి 24 ఉన్నాయి, వాటిలో 16 లోక్‌సభ కిందా 8 రాజ్యసభ కిందా పనిచేస్తాయి. ఏ శాఖ బిల్లు ఏ సంఘానికి వెళ్లిందో పార్లమెంటు వెబ్‌సైట్లో ఉంటుంది. రాష్ట్రాల విషయంలో సంబంధిత శాఖ వెబ్‌సైటునూ గెజిట్‌నూ చూస్తుండాలి. తెలంగాణలో కొత్త ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో ప్రజాభిప్రాయానికి పెట్టారు, డిసెంబరులో అదే భూభారతి బిల్లుగా శాసనసభ ఆమోదం పొందింది. పాసుపుస్తకంలో తప్పు పడి ఏళ్ల తరబడి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగిన రైతుకు ఆ విషయంలో ఏ న్యాయవాదికీ లేని అనుభవం ఉంటుంది, దానిని కాగితం మీద పెట్టవలసిన సమయం అదే.

ఇక రాయడం. బిల్లు మొత్తాన్ని ఖండిస్తూనో పొగుడుతూనో రాసిన ఉత్తరం అనుకూలం, వ్యతిరేకం అన్న రెండు కట్టల్లో ఒకదానిలోకి చేరుతుంది, అంతకుమించి దానితో సంఘానికి పని ఉండదు. సంఘం బిల్లును క్లాజు వెంట క్లాజుగా, అంటే ఒక్కో నిబంధననూ విడిగా తీసుకుని, పరిశీలిస్తుంది, అందువల్ల మన మాట కూడా ఏదో ఒక క్లాజుకు అతుక్కుని ఉండాలి. ఇది అర్థం కావడానికి ఇప్పటికే చట్టమైపోయిన ఒక బిల్లును తీసుకుందాం.

2023 ఆగస్టు 11న సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియా స్మృతి) స్థానంలో లోక్‌సభ ముందుకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత బిల్లు హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి వెళ్లింది, చివరకు దాని స్థానంలో తెచ్చిన రెండో బిల్లు చట్టమై 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 187వ సెక్షన్ పోలీసు కస్టడీకి సంబంధించినది. పాత సీఆర్‌పీసీ ప్రకారం పోలీసు కస్టడీ తొలి 15 రోజుల్లోనే ఉండాలని 1992లో అనుపమ్ కులకర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త సెక్షన్ ఆ 15 రోజులనే ఉంచుతూ, కేసును బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా, ఒకేసారి గానీ విడతలుగా గానీ కస్టడీకి ఇవ్వవచ్చని అంటుంది. దీనిపై ‘ఇది పోలీసు రాజ్యం, బిల్లును వెనక్కి తీసుకోవాలి’ అని రాస్తే కోపం తెలుస్తుంది, చేయవలసిన మార్పు తెలియదు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: మొదట సెక్షన్, ఉపసెక్షన్ సంఖ్యలు, తరువాత అందులోని ఇబ్బంది ఏమిటో రెండు వాక్యాల్లో, అంటే జైలుకు పంపిన మనిషిని వారాల తరువాత మళ్లీ పోలీసుల చేతికి అప్పగించే వీలు కలుగుతోందని, ఆపైన అది ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన రక్షణకు ఎలా తగులుతుందో, చివరగా మనం కోరే మార్పు, చట్టంలో పెట్టదగిన మాటల్లోనే. ‘తొలి 15 రోజులు దాటిన తరువాత పోలీసు కస్టడీ కోరినప్పుడు, అంతకుముందు కోరకపోవడానికి కారణాలను దర్యాప్తు అధికారి లిఖితపూర్వకంగా తెలపాలి’ అన్న ఒక్క వాక్యాన్ని అలా ప్రతిపాదించవచ్చు.

ఇక్కడే చాలామంది కాలు జారే చోటు ఒకటి ఉంది. ‘కస్టడీ రోజులు మిగిలి ఉన్నాయన్న సాకుతో బెయిలు ఆపేస్తారు’ అని కూడా రాయాలనిపిస్తుంది. అయితే తొలి 15 రోజుల తరువాత పోలీసు కస్టడీకి అవసరం కావచ్చన్న ఒక్క కారణంతో బెయిలు నిరాకరించరాదని ఇదే చట్టంలోని 480వ సెక్షన్ చెబుతోంది. దానిని చూడకుండా రాసిన వినతిపత్రాన్ని పక్కన పెట్టడానికి ఆ ఒక్క వాక్యం చాలు. చూసి, ఆ రక్షణ ఆచరణలో ఎందుకు సరిపోదో చెప్పగలిగితే మాత్రం వాదనకు బలం వస్తుంది. బిల్లు మొత్తం చదవకుండా ఒక క్లాజుపై రాయకూడదు అనేది ఇందుకే. ఈ క్లాజు విషయంలో మరింత స్పష్టత తేవాలని స్థాయీ సంఘం సిఫార్సు చేసినా, 40, 60 రోజుల మాట చివరి చట్టంలోనూ అలాగే నిలిచింది.

సొంత అనుభవం ఉంటే తప్పకుండా రాయండి. అయితే తేదీ, జరిగిన క్రమం, చేతిలో ఉన్న ఆర్డరు ప్రతి ఇవ్వగలిగినంత మేరకే రాయండి. ఇతరుల పేర్లు, ముఖ్యంగా బాధితుల వివరాలు ఇందులోకి రాకూడదు. వెయ్యిమంది ఒకే ఉత్తరాన్ని సంతకం మార్చి పంపడం కన్నా, పదిమంది పది క్లాజులు పంచుకుని తలా ఒకదానిపై రాయడం మేలు.

భాష సంగతి కొంత ఇబ్బందికరమైనదే. పార్లమెంటరీ సంఘాలు వినతిపత్రాలను ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ, సాధారణంగా రెండు ప్రతులు కోరతాయి. తెలుగులో ఆలోచించేవారు ముందు తెలుగులోనే పూర్తిగా రాసుకుని, అనువాదం చేయించి, చట్టం తెలిసిన ఒకరికి చూపించి పంపడం మంచిది. ముసాయిదాయే మన భాషలో కావాలని అడగడం కూడా న్యాయమే. 2020 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించి, అభిప్రాయాల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది.

పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. సంఘం ముందు స్వయంగా మాట్లాడదలచినవారు ఆ మాటను ఉత్తరంలోనే స్పష్టంగా రాయాలి. పిలవడం, పిలవకపోవడం సంఘం నిర్ణయం. రెండోది చాలామందికి తెలియనిది: సంఘానికి పంపిన వినతిపత్రం దాని రికార్డులో భాగమవుతుంది, దానిని బయట పంచిపెట్టడం సభాహక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు. కాబట్టి ప్రకటనలోని షరతులు చదవకుండా అదే ప్రతిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పత్రికకు వ్యాసం రాయాలనుకుంటే దానిని వేరుగా రాసుకోండి.

చట్టం ఆమోదం పొందిన తరువాత, దాని అమలుకు ప్రభుత్వం చేసే నియమాల దశ వస్తుంది. నియమాలను ముందుగా ప్రచురించి చేయాలని మూలచట్టంలో ఉంటే, గడువులోపు అందిన అభ్యంతరాలను, సూచనలను ప్రభుత్వం పరిశీలించి తీరాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 2014 విధానానికి లేని చట్టబలం దీనికి ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాల ముసాయిదా 2025 జనవరి 3న వెలువడింది. అప్పుడు వచ్చిన అభిప్రాయాలను ఎవరికీ వెల్లడించబోమని కేంద్ర ఐటీ శాఖ ముందే ప్రకటించింది. ఇతరులు ఏమి రాశారో తెలియని ఇలాంటి సందర్భంలో, మన సూచనను స్వీకరించారో లేదో తెలుసుకోవడానికి తుది నోటిఫికేషన్‌ను ముసాయిదా పక్కన పెట్టుకుని నియమం వెంట నియమం పోల్చుకోవాలి. ముఖ్య నిర్ణయాలకు సంబంధించిన వాస్తవాలను తమంతట తామే ప్రచురించే బాధ్యతను సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ అధికార సంస్థలపై పెట్టింది. కనుక ఎన్ని సూచనలు వచ్చాయి, వాటిపై ఏ చర్య తీసుకున్నారు అని పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు కూడా వేయవచ్చు, దానికి 30 రోజుల్లో సమాధానం రావాలి. మనం పంపిన ఉత్తరం ప్రతి, అందినట్టు వచ్చిన ఈమెయిలు లేదా పోస్టు రసీదు ఆ దరఖాస్తుకు జతచేయడానికి అవసరమవుతాయి కనుక వాటిని భద్రపరచండి.