బుక్ చేసిన టూర్ రద్దు చేయాల్సి వస్తే: డబ్బు పోయే చోట్లు, ఆపుకునే దారులు

ప్రయాణం కుదరదని తేలగానే చెయ్యి క్యాన్సిల్ బటన్ మీదికి వెళ్తుంది. కన్ఫర్మేషన్ మెయిల్స్ అన్నీ ఒకసారి తెరిచి చదివాకే అది నొక్కండి. అలాగని 'చూద్దాంలే' అని వారం రోజులు నాన్చితే ఇంకా ఎక్కువ నష్టం.

సమస్య: విమానం టికెట్ 'నాన్ రిఫండబుల్'. చిల్లిగవ్వ రాదంటున్నారు.

కారణం: ఆ మాట సాధారణంగా వర్తించేది అసలు ఛార్జీకి. ఎయిర్‌పోర్ట్ పన్నులు వేరే లెక్క.

పరిష్కారం: మీ టికెట్‌లో పన్నులు ఎంతో చూసి, వాటిని వెనక్కి ఇమ్మని అడగండి. చాలా ఎయిర్‌లైన్స్ ఇస్తాయి, కానీ అడిగితేనే. టికెట్ ఇప్పుడే కొన్నారా? అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి బయల్దేరే విమానాల్లో, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్న టికెట్‌ను 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ధరను 24 గంటలు మారకుండా ఆపి ఉంచాలి.

ఇంకో ముఖ్యమైన మాట. సమ్మె, తుఫాను లాంటివి కనిపిస్తుంటే మీరు ముందు రద్దు చేయకండి. మీరు రద్దు చేస్తే మీ టికెట్ షరతులు వర్తిస్తాయి, వాళ్లు రద్దు చేస్తే వాళ్ల బాధ్యత. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే విమానాన్ని ఎయిర్‌లైనే రద్దు చేసి, మీరు రిఫండ్ కోరితే, 7 రోజుల్లో టికెట్ డబ్బు మొత్తం ఇవ్వాలి. మీరు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే దానికి బదులు వోచర్ ఇవ్వొచ్చు. అందుకే వోచర్‌కి తొందరపడి సరే అనకండి. అయితే విమానం బయల్దేరే టైమ్ దాకా ఎదురుచూస్తూ కూర్చోవద్దు. చెప్పకుండా వెళ్లకపోతే 'నో షో' కింద రాసేసి, తిరుగు టికెట్ కూడా రద్దు చేసే ప్రమాదం ఉంది.

సమస్య: 'ఫ్రీ క్యాన్సిలేషన్' అన్న హోటల్ ఒక రాత్రి అద్దె కోసేసింది.

కారణం: గడువు లెక్కేసేది చాలాసార్లు హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం. నాకు ఇలాగే జరిగింది. ఇంకా ఒక రాత్రి ఉందిలే అని పడుకున్నాను. పొద్దున్నే లేచి ఫోన్ తీసేసరికి అక్కడ గడువు దాటి మూడు గంటలైంది. మెయిల్ మళ్లీ చదివితే తేదీ పక్కనే సన్నటి అక్షరాల్లో 'స్థానిక సమయం' అని ఉంది. అది చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

పరిష్కారం: గడువు దాటినా నేరుగా హోటల్‌కి ఫోన్ చేయండి. డబ్బు వెనక్కి ఇమ్మని కాకుండా 'తేదీ మార్చగలరా' అని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకున్న మాట మెయిల్‌లో రాయించుకోండి.

సమస్య: ప్యాకేజీ టూర్. రద్దు చేస్తే సగానికి పైగా పోతుందట.

కారణం: రద్దు ఛార్జీలు మెట్లుమెట్లుగా ఉంటాయి. తేదీ దగ్గరపడే కొద్దీ పెరుగుతాయి.

పరిష్కారం: తర్వాతి మెట్టు ఏ రోజున వస్తుందో చూసి, దానికి ముందే తేల్చేయండి. మీ బదులు ఇంకొకరు వెళ్లగలరేమో కూడా ఆలోచించండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 7 రోజుల ముందు చెబితే ప్యాకేజీని వేరొకరి పేరుకి మార్చాలి, దానికయ్యే అసలు ఖర్చు మాత్రం మీరు భరించాలి. అవే నిబంధనల కింద, బుకింగ్ తర్వాత నిర్వాహకులు ధరను 8 శాతానికి మించి పెంచినా, వెళ్లే చోట యుద్ధం, వరద లాంటివి వచ్చి ప్రయాణం నిజంగా దెబ్బతిన్నా, ఛార్జీ లేకుండా తప్పుకోవచ్చు.

సమస్య: ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించారు.

కారణం: పాలసీలో రాసిన కారణాలకే డబ్బు వస్తుంది. మనసు మారడం అందులో ఉండదు.

పరిష్కారం: జబ్బు వల్ల ఆగిపోతుంటే ముందు డాక్టర్‌ని కలిసి, ప్రయాణం చేయకూడదని రాయించుకోండి. రద్దు ఆ తర్వాత, కానీ అదే రోజు. ఆలస్యం వల్ల పెరిగిన ఛార్జీని కంపెనీ కోసేయవచ్చు.

సమస్య: రిఫండ్ ఇస్తామన్నారు, రావట్లేదు.

ఏజెంట్ ద్వారా కొంటే డబ్బు ముందు వాళ్ల దగ్గరికి వెళ్తుంది, అక్కడే అడగండి. ఇస్తామని రాసిచ్చి కూడా ఇవ్వకపోతే, కార్డు ఇచ్చిన బ్యాంకులో ఆ మెయిల్ జతచేసి ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) కోరండి. దానికీ గడువు ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఆగకండి.