పాత టర్న్‌టేబుల్ కొంటున్నారా? ముందు తిరగేసి హెర్ట్జ్ చూడండి

పాత టర్న్‌టేబుల్ చూడ్డానికి వెళ్లినవాళ్లంతా "పాడుతుందా?" అని అడుగుతారు. పాడుతుంది. ఎంత పాడైన మిషనైనా అమ్మేవాడి ఇంట్లో ఒక పాట పాడుతుంది. దాన్ని తిరగేసి, అడుగున అంటించిన రేకు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క) రాసుందో చదివేవాళ్లు మాత్రం నాకు పదిమందిలో ఒక్కరు కనిపించారు. అరనిమిషం పని.

తిరగడం లేదు, లేదా తిరిగి ఆగిపోతోంది

బెల్టు పోయింది. బెజవాడ ఎండలకి అటక మీద ఏళ్ల తరబడి పడున్న రబ్బరు తారులా కరిగి మోటారు పుల్లీకి అతుక్కుపోతుంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి కొత్త బెల్టు వేయండి. దీనికోసం కొనడం మానుకోనక్కర్లేదు, బేరంలో వాడుకోండి చాలు. పాత గ్యారార్డ్, బీఎస్ఆర్ కంపెనీల ఛేంజర్లలో (ప్లేట్లు తమంతట తామే మార్చే మిషన్లలో) బెల్టు ఉండదు, రబ్బరు చక్రం ఉంటుంది. అది గట్టిపడితే పాట వెనకాల గుడగుడమని మోత వస్తుంది.

తిరుగుతోంది, కానీ పాట ఈడుస్తోంది

ఇక్కడే నేను డబ్బులు పోగొట్టుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఒకరింట్లో బెల్టు మిషను చూశాను. అమెరికా నుంచి వాళ్లబ్బాయి తెచ్చాడట. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఘంటసాల ప్లేటు వేశారు. అద్భుతం. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున, వేగం సరిగ్గా ఉంటే కదలనట్టు కనిపించే చుక్కలుంటాయి, అవి కూడా కదలకుండా నిలబడ్డాయి. ఇంకేం కావాలి, డబ్బిచ్చి తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చాక సుశీల పాట పెడితే మా మేనత్త వంటింట్లోంచి, "ఏంట్రా, సుశీలకి జలుబు చేసిందా?" అంది. ఘంటసాల గొంతు సహజంగానే గంభీరం కాబట్టి నా చెవికి తేడా తెలియలేదు. తర్వాత రెండు బెల్టులు మార్చాను, బేరింగుకి నూనె వేశాను, మోటారు విప్పి శుభ్రం చేశాను. ఏం మారలేదు.

కారణం కరెంటు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకి 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులే తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ని ముట్టుకోదు. "110/220 స్విచ్ ఉంది సార్" అంటారు కదా, అది కూడా అంతే. పాత బెల్టు మిషన్లలో చాలావాటికి ఉండే ఏసీ సింక్రనస్ మోటారు, హెర్ట్జ్ ఎంతుంటే అంత వేగంతో తిరుగుతుంది. 60 హెర్ట్జ్‌కి చేసింది మన దగ్గర నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 దగ్గర తిరుగుతుంది. హార్మోనియం మీద మూడు మెట్లు కిందకి దిగినట్టు.

మరి చుక్కలు ఎందుకు నిలబడ్డాయి? వాటి మీద పడే నియాన్ లైటు కూడా అదే కరెంటుతో మినుకుతుంది. 33⅓ వేగానికి 60 హెర్ట్జ్ వరసలో 216 చుక్కలుంటాయి, 50 హెర్ట్జ్ వరసలో 180. అమెరికా మిషను మన దగ్గర మెల్లగా తిరిగితే లైటూ అదే లెక్కన మెల్లగా మినుకుతుంది. ఇద్దరు దొంగలు ఒకరికొకరు సాక్ష్యం చెప్పినట్టు, 216 చుక్కల వరస నిలబడే ఉంటుంది.

కాబట్టి చుక్కల్ని నమ్మకండి. ప్లాటర్ అంచుకి తెల్ల కాగితం ముక్క అంటించి, రికార్డు మీద ముల్లు దించి, ఫోన్‌లో 3 నిమిషాలు పెట్టుకుని చుట్లు లెక్కపెట్టండి. 100 రావాలి. 83 వస్తే హెర్ట్జ్ గొడవ. 95, 97 లాంటివి వస్తే బెల్టో, ఎండిపోయిన నూనో.

83 వచ్చిందని వెంటనే లేచి రానక్కర్లేదు. థోరెన్స్, డ్యువల్, గ్యారార్డ్ లాంటి వాటికి 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది. దొరకనివాటికి ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాడిని పట్టుకుని, పాతదానికంటే వ్యాసం 20 శాతం పెద్దగా, అంటే 10 మిల్లీమీటర్లది 12గా, ఇత్తడి పుల్లీ తిప్పించుకోవాలి. పుల్లీ మీద 45 చుట్ల వేగానికి ఉండే మెట్టుని కూడా అదే లెక్కన పెంచమనండి. నడిమి రంధ్రం వెంట్రుకవాసి పక్కకి జరిగినా పాట ఊగుతుంది, అందుకే కారు డ్రమ్ములు తిప్పే చెయ్యి దీనికి పనికిరాదు. వేగం కాస్త అటూ ఇటూ సర్దే పిచ్ నాబ్‌తో సర్దుకోవచ్చనుకోకండి, దాని పరిధి సాధారణంగా కొద్ది శాతమే. ఆ ఖర్చంతా ధరలోంచి తీసేయండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.

డీసీ మోటారు మిషన్లకి, బెల్టు లేకుండా మోటారే నేరుగా ప్లాటర్‌ని తిప్పే క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ మిషన్లకి ఈ బెడద లేదు, వోల్టులు సరిచేస్తే చాలు. హెచ్‌ఎంవీ ఫియెస్టా లాంటివి మన కరెంటుకే చేసినవి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 120 వోల్టుల మిషన్ని మన ప్లగ్గులో పెడితే మాత్రం ఇక లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

బుయ్యిమని హమ్ వస్తోంది

సన్న ఎర్త్ తీగ యాంప్లిఫయర్ వెనక స్క్రూకి తగిలించలేదు. తగిలించండి.

ఒక పక్క స్పీకరు పలకదు

హెడ్‌షెల్ (చెయ్యి చివర ముల్లుండే తల) విప్పి కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. అప్పటికీ రాకపోతే కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) దగ్గర ఎడమ, కుడి తీగలు మార్చి చూడండి. మూగతనం రెండో పక్కకి మారితే కార్ట్రిడ్జ్ పోయినట్టు, మారకపోతే ముల్లుని మోసే చెయ్యి లోపలి తీగ తెగిందో, యాంప్లిఫయర్‌లోనే లోపమో.

పాట గరగరలాడుతోంది, ముల్లు దూకుతోంది

ముల్లు అరిగింది. ముల్లు దూకకుండా బరువు కోసం హెడ్‌షెల్ మీద రూపాయి బిళ్ల అతికించి ఉంటే, ఆ బరువుకి గాళ్లు అరిగి ఉంటాయి, ఆ ఇంటి రికార్డులు కూడా కొనకండి. కొత్త ముల్లు ఆ మోడల్‌కి ఇప్పటికీ దొరుకుతుందో లేదో డబ్బిచ్చే ముందే కనుక్కోండి. తాతగారి 78 ప్లేట్ల కోసం కొంటుంటే వాటికి వేరే ముల్లు కావాలి. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, ఎల్పీ ముల్లు అందులో అడుగున దొర్లుతూ గరగరే వినిపిస్తుంది.

పాట అయ్యాక చెయ్యిని తనే వెనక్కి తెచ్చే ఆటో రిటర్న్ బిగుసుకుపోతే లోపల గ్రీజు గట్టిపడినట్టు, చేత్తో బలవంతంగా తిప్పకండి. క్వార్ట్జ్ బోర్డు పోయినవి, నడిమి బేరింగు అరిగి ప్లాటర్ ఊగేవి అరుదు. కనిపిస్తే వచ్చేయండి.