కోడెదూడ నుంచి ఆబోతు దాకా: డాస్ కాలపు డీమార్ఫ్‌తో మార్ఫింగ్

ఒంగోలు కోడెదూడకి చూస్తుండగానే మూపురం లేచి ఆబోతైపోయే బొమ్మ చెయ్యాలంటే 1990ల నాటి డీమార్ఫ్ చాలు. డేవిడ్ మేసన్ రాసిన ఈ డాస్ (విండోస్‌కి ముందటి వ్యవస్థ) షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు కట్టే ప్రోగ్రాము) టీజీఏ అనే రకం బొమ్మ ఫైళ్ళు రెండు తీసుకుని, ఒకటి మెల్లగా రెండోదిగా మారే నడిమి ఫ్రేములు తయారుచేస్తుంది; ఈ మార్పునే మార్ఫ్ అంటారు. ఆ ఫ్రేముల్ని కదిలే బొమ్మగా కలిపేది ఆయనదే ఇంకో ప్రోగ్రాము, డీటీఏ. ఇప్పటి కంప్యూటర్లో ఇలాంటివి, పాత డాస్‌లా పనిచేసే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము పెట్టుకుని నడపాలి.

ముందు ఫొటోలు. సగం పని ఇక్కడే తేలిపోతుంది. రెండు పశువులూ ఒకే వైపు తిరిగి, అడ్డంగా నిలబడాలి. దూడని చిన్నగానే వదిలేస్తే మార్ఫ్‌లో దాని ఒళ్ళు మరీ సాగి, వెంట్రుకలు మైనం కరిగినట్టు కనిపిస్తాయి. గిట్టలు, మూతి, తోక మొదలు రెండింట్లోనూ దాదాపు ఒకే చోట పడేలా కత్తిరించుకోండి. వెనక సున్నం గోడ వద్దు, తెల్ల గిత్త అంచు అందులో కలిసిపోతుంది. పొగాకు బ్యారన్ ఇటుక గోడ ముందు గిత్త బాగా తేలుతుంది గానీ, ఇటుక వరసలు మార్ఫ్ సాగేకొద్దీ వంకర్లు పోతాయి. నీలం పట్టా కట్టండి, ఏ బాధా ఉండదు.

రెండు బొమ్మల్నీ 320×200 సైజులో, 24 బిట్ టీజీఏగా సేవ్ చెయ్యండి. ఒక్క పిక్సెల్ తేడా కూడా ఉండకూడదు. కుదించని ఫైలు ఒక్కోటి సుమారు 192 కేబీ, అప్పట్లో 1.44 ఎంబీ ఫ్లాపీలో ఏడే పట్టేవి. ఫైలు పేరు 8 అక్షరాలు దాటితే డాస్‌లో తిప్పలు.

ఇక మెష్. రెండు బొమ్మల మీదా నిలువు, అడ్డ గీతల వల ఉంటుంది; గీతల సంఖ్య రెండింట్లో ఒకటే. గీతలు కలిసే చోటు ముడి; దూడ కన్ను మీద ఉన్న ముడి ఆబోతు బొమ్మలోనూ కన్ను మీదే ఉండాలి. ప్రోగ్రాము ప్రతి ఫ్రేముకీ రెండు వలలకి నడిమి వల లెక్కగట్టి, రెండు బొమ్మల్నీ దానికి సాగదీసి, ఒకదాన్ని మసకబారుస్తూ రెండోదాన్ని తేలుస్తుంది. 5×5 వలతో మొదలుపెట్టి, అవసరమైన చోటే గీతలు కలపండి.

మూపురం దగ్గర ఓపిక కావాలి. దాని మొదలు, కొన, వెనక వాలు మీదుగా మూడు నిలువు గీతలు వేయండి. ఆబోతులో కొన మీదుగా ఎత్తుగా పోయే అడ్డ గీత, దూడలో వీపుకి ఆనుకునే పోవాలి. దాని పైన ఇంకో అడ్డ గీతని రెండు బొమ్మల్లోనూ ఒకే ఎత్తులో ఉంచండి, ఆకాశం దాకా పట్టా సాగిపోకుండా అదే ఆపుతుంది. దూడకి కొమ్ములుండవు కాబట్టి, ఆబోతు కొమ్ముల మీద పడే ముళ్ళన్నీ దూడలో కొమ్ము మొలిచే చోట ఒత్తుగా చేర్చాలి. గంగడోలుకీ ఇదే పద్ధతి.

ముళ్ళని ఒకదాని మీదుగా ఒకటి దాటించకండి. వల మడతపడి, ఆ చోట బొమ్మ చిరిగినట్టవుతుంది. నాలుగు కళ్ళు కనిపిస్తే కన్ను ముడి సరిగా కుదరలేదన్నమాట. అందుకే 5 ఫ్రేములతో చూసుకుని, మూడోదాన్ని పరీక్షగా చూడండి. తప్పులన్నీ నడిమి ఫ్రేములోనే బయటపడతాయి. సరిపోయాక 30 ఫ్రేములు తీయండి.

డీటీఏతో వీటిని ఎఫ్ఎల్ఐ అనే కదిలే బొమ్మ ఫైలుగా మార్చండి. ఎఫ్ఎల్ఐలో 256 రంగులే, అందుకే గిత్త ఒంటి మీది బూడిద ఛాయలు పట్టీలు పట్టీలుగా విడిపోతాయి. డిథరింగ్ (ఉన్న రంగుల చుక్కలు కలిపి లేని ఛాయ ఉన్నట్టు చూపడం) పెడితే తగ్గుతుంది గానీ, ఎక్కువైతే వెనక పట్టా చీమలు పాకినట్టు మిణుకుతుంది. ఎఫ్ఎల్ఐ వేగం అంటే ఒక్కో ఫ్రేము ఎంతసేపు నిలవాలో; అది సెకనులో 70వ వంతుల్లో ఉంటుంది. 4 పెడితే 30 ఫ్రేములు 1.7 సెకన్లలో అయిపోతాయి; 8 పెట్టండి, మూపురం లేవడం కంటికి ఆనుతుంది.

పాత మానిటర్లో 320×200 పిక్సెళ్ళు కొంచెం నిలువుగా సాగేవి. ఇప్పటి తెర మీద గిత్త పొట్టిగా కనిపిస్తే డాస్‌బాక్స్‌లో ఆస్పెక్ట్ సరిచేసే సెట్టింగు ఆన్ చెయ్యండి.