స్కూల్లో ఫుడ్ అలర్జీ: పొరపాటు ఎక్కడ జరుగుతోంది, ఎలా సరిచేయాలి

సమస్య: బాక్సులో ఇంటి తిండే పెట్టినా పిల్లలు ఒళ్లంతా దద్దుర్లతో తిరిగొస్తున్నారు.

కారణం: భోజనాల దగ్గర అందరూ ఓ కన్నేసి ఉంచుతారు. గురి తప్పేది మిగతా చోట్ల. పుట్టినరోజు కేకు, స్నేహితుడు ప్రేమగా పెట్టిన బిస్కెట్, ఆటల్లో మారిపోయిన నీళ్ల బాటిల్, క్రాఫ్ట్ క్లాసులో గోధుమపిండి కలిసిన ఆటమట్టి... వీటిని ఎవరూ తిండి లెక్కలో వేయరు.

పరిష్కారం: తిండి పంచుకోకూడదన్న నియమం మీవాడొక్కడికే కాకుండా క్లాసు మొత్తానికీ పెట్టమనండి. వేడుకల రోజుల కోసం మీవాడికి పడే తినుబండారాలు కొన్ని పేరు రాసి టీచర్ దగ్గర ఉంచండి. తిన్నాక పిల్లలందరూ సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్ క్రిములను చంపుతుందేమో గానీ వేరుశనగ ప్రొటీన్‌ను వదిలించదు.

సమస్య: ఎప్పుడూ తినే బిస్కెట్టే, ఈసారి పడలేదు.

దినుసులు మారి ఉండొచ్చు. ప్యాకెట్ కొన్న ప్రతిసారీ లేబుల్ చదవాల్సిందే.

సమస్య: రియాక్షన్ మొదలైనా టీచర్ గుర్తుపట్టలేదు.

కారణం: అందరూ దద్దుర్ల కోసమే చూస్తారు. ఒక్క దద్దురు కూడా లేకుండా అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ రియాక్షన్) రావచ్చు. "నాలుక మండుతోంది", "గొంతులో ఏదో అడ్డుపడింది" అంటారు చిన్నపిల్లలు. ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, పదేపదే వాంతులు, ఉన్నట్టుండి నీరసపడిపోవడం కూడా గుర్తులే. క్లాసు ఎగ్గొట్టే వేషాలని కొట్టిపారేస్తేనే ప్రమాదం.

పరిష్కారం: పిల్లవాడి ఫోటో, రియాక్షన్ లక్షణాలు, చేయాల్సిన పనులు ఒకే పేజీలో డాక్టర్ చేత రాయించండి. క్లాస్ టీచర్‌తో పాటు ఆటల టీచర్‌కి, బస్సు డ్రైవర్‌కి, ముఖ్యంగా క్లాస్ టీచర్ సెలవు పెట్టినప్పుడు వచ్చే టీచర్‌కి అది అందాలి.

సమస్య: తీవ్రమైన రియాక్షన్‌కి వేయాల్సిన ఇంజెక్షన్ ఉంది, సమయానికి పడలేదు.

కారణం: ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. లేదా టెన్షన్‌లో "ముందు అలర్జీ మాత్ర వేసి చూద్దాం" అనుకున్నారు. ఆ మాత్ర దురదను తగ్గిస్తుంది, ఊపిరిని కాపాడలేదు.

పరిష్కారం: డాక్టర్ రాసిచ్చిన ఎపినెఫ్రిన్ (ఈ ఇంజెక్షన్‌లోని మందు) ఇంజెక్టర్ తాళం లేని చోట, పెద్దల చేతికి అందేలా ఉండాలి. ఫ్రిజ్‌లో వద్దు, ఎండలోనూ వద్దు. గడువు తేదీ చూస్తుండాలి. తొడ బయటివైపు మధ్యలో, బట్టల మీద నుంచే పొడవచ్చు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. పిల్లవాణ్ని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఆయాసపడుతుంటే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి, వాంతులవుతుంటే పక్కకు తిప్పాలి. నడిపించడం మాత్రం అసలు వద్దు. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు కావాలి, అందుకే ఎప్పుడూ రెండు ఇంజెక్టర్లు ఉంచాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చు.

సమస్య: భోజనాల వేళ ఒంటరిగా కూర్చుంటున్నాడు.

జాగ్రత్త పేరుతో వేరే బల్ల వేసి ఉంటారు. మీవాడికి పడని పదార్థం లేని బాక్సు తెచ్చుకునే స్నేహితులను అదే బల్ల దగ్గర కూర్చోనివ్వమని అడగండి. ఎవరైనా ఆ తిండి మొహం మీదకి తెచ్చి ఆటపట్టిస్తుంటే చిలిపితనమని వదిలేయకుండా ఆ రోజే ప్రిన్సిపాల్‌కి చెప్పండి.