నలుగురైదుగురు కలిసి హోటల్లో భోంచేయాలంటే

"ఆదివారం ఒంటిగంటకు కలుద్దాం" అనుకున్నారంటే సగం భోజనం అక్కడే చెడినట్టు. మనవాళ్ళకు ఒంటిగంటంటే ఒకటిన్నర. ఒకటిన్నరకు ఏ మీల్స్ హోటలైనా కిక్కిరిసి ఉంటుంది. తింటున్నవాళ్ళ కుర్చీల వెనక ఇంకో నలుగురు నిలబడి, ఎవరు పెరుగన్నం దాకా వచ్చారా అని చూస్తుంటారు. ఆరుగురికి ఒకే బల్ల దొరకదు, ఇద్దరు అక్కడ, ముగ్గురు ఇక్కడ, ఒకరు ఎవరో తెలియనివాళ్ళ ఎదురుగా సర్దుకోవాలి. తిన్నామంటే తిన్నాం గానీ కలిసి తిన్నట్టు ఉండదు.

మీల్స్ హోటల్ అయినా బిర్యానీ హోటల్ అయినా మన తీరికను బట్టి కాక వంటగది వేళను బట్టి వెళ్ళాలి. మెస్సుల్లో మొదటి వాయి అన్నం సుమారు పన్నెండుకు దిగుతుంది. పన్నెండుంబావుకు బల్ల దగ్గర కూర్చుంటే వేపుడు కరకరలాడుతూ ఉంటుంది, అప్పడాలు మెత్తబడవు, సర్వర్‌కు మీ మాట వినే ఓపిక ఉంటుంది. రెండున్నర దాటాక వెళితే ముందు అయిపోయేది వేపుడు, తర్వాత పప్పు. సాంబారు మాత్రం ఉంటుంది, నీళ్ళు కలిసి కాస్త పలచగా. కాబట్టి గ్రూపులో టైము పెట్టేటప్పుడు "పన్నెండుంబావుకు బల్ల దగ్గర" అని రాయండి. ఆలస్యంగా వచ్చే మనిషి ఎవరో అందరికీ తెలిసే ఉంటుంది, ఆయనకు పన్నెండని చెప్పండి.

మనుషుల లెక్క: నలుగురు సుఖం, ఆరుగురు హద్దు. పేటలోని హోటళ్ళలో బల్లలు ఎక్కువగా నలుగురివే. ఆరుగురైతే ఒకరు పది నిమిషాలు ముందు వెళ్ళి పక్కపక్కన ఉన్న రెండు బల్లలు అడగాలి. ఎనిమిది మంది దాటితే ముందురోజు ఫోన్ చేయండి. చిన్న హోటళ్ళు బల్ల రిజర్వ్ చేయకపోవచ్చు గానీ ఏ వేళకు రద్దీ తక్కువో చెబుతాయి.

రోజు కూడా చూసుకోవాలి. మంగళవారం, గురువారం, శనివారం నీసు ముట్టనివాళ్ళు ప్రతి గుంపులో ఒకరైనా ఉంటారు. కార్తీక మాసంలో శాకాహార హోటళ్ళ ముందు వరస పెరుగుతుంది, నాటుకోడి హోటళ్ళలో బల్లలు ఖాళీగా దొరుకుతాయి. హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళాలనుకుంటే రంజాన్ నెలలో పగటిపూట కాకుండా ఇఫ్తార్ తర్వాత వెళ్ళడం మేలు.

మీల్స్ హోటల్లో

ముందు బోర్డు చదవండి. ప్లేట్ మీల్స్ అంటే కొలత ప్రకారం పెట్టేది. ఫుల్ మీల్స్ అంటే అన్నం, పప్పు, సాంబారు, రసం అడిగినన్ని సార్లు వేసేది. ఫుల్ మీల్స్‌లో ఇద్దరు ఒక ఆకు పంచుకోవడం కుదరదు, మిగిలింది పార్శిల్ కట్టమనడమూ కుదరదు. ఈ రెండిటి దగ్గరే గొడవలవుతాయి, అక్కడ హోటల్ వాళ్ళదే న్యాయం. చిన్నపిల్లలు వస్తే వాళ్ళకు ప్లేట్ మీల్స్ చెప్పండి. కొన్ని చోట్ల ముందు కౌంటర్‌లో టోకెన్ కొనాలి, అది చూసుకోకుండా కూర్చుంటే మళ్ళీ లేవాల్సి వస్తుంది. ఏసీ గదిలో అదే భోజనానికి రేటు ఎక్కువ ఉండొచ్చు, మెట్లెక్కే ముందు అడగండి.

కూర్చోగానే సర్వర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "రెండోసారి వేయనివి ఏవి?" సాధారణంగా వేపుడు, స్వీటు, పెరుగు కప్పు, అప్పడం ఒక్కసారే. పప్పు, కూర, పచ్చడి మళ్ళీ వస్తాయి. ఇది తెలియక వేపుడంతా పప్పన్నంలోనే నంజేసుకుని, రసం దగ్గరకొచ్చేసరికి ఆకు ఖాళీ చేసుకునేవాళ్ళే ఎక్కువ. వేపుడు సగం రసానికి దాచండి. చల్ల మిరపకాయ పెరుగన్నానికి ఉంచండి.

అన్నం నాలుగు విడతలుగా పెట్టించుకోవాలి. మొదటిది నాలుగు ముద్దలకు మించకూడదు, కందిపొడి, నెయ్యి కలుపుకోవడానికి. నెయ్యి గిన్నె పట్టుకున్న మనిషి వరసలో ఒకే ఒక్కసారి వస్తాడు. ఆ నిమిషంలో ఫోన్లో ఉన్నారా, ఇంక వట్టి పొడన్నమే. రెండో విడత పప్పుకు, గోంగూరో ఆవకాయో పక్కన పెట్టుకుని. మూడోది సాంబారుకో పులుసుకో, కూర నంజుకుంటూ. చివరి విడతలో కొంచెం రసానికి, కొంచెం పెరుగుకు. సర్వర్ గరిటెతో తెచ్చేది మన ఆకలి కొలత కాదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "సగం చాలు" అంటే ఆపేస్తాడు. వద్దని నోటితో అంటే మర్యాదకు అంటున్నారనుకుని ఇంకో గరిటె వేస్తాడు.

అరిటాకులో తింటే, తిన్నాక పైసగాన్ని మన వైపుకు మడవడం అలవాటు. మడిచారంటే మీ భోజనం అయిపోయిందని గుర్తు. పక్కవాళ్ళు ఇంకా సాంబారులో ఉంటే కాసేపు ఆగండి. లేకపోతే బల్ల తుడిచే కుర్రాడు వచ్చి నిలబడతాడు, వాళ్ళు గబగబా మింగాల్సి వస్తుంది.

రాయలసీమ రుచుల హోటల్ అయితే లెక్క వేరు. రాగి సంగటి మొదట మనిషికి ఒక ముద్ద మాత్రమే చెప్పండి. చల్లారితే గట్టిపడుతుంది, అందుకని అందరికీ రెండేసి ఒకేసారి తెప్పించకూడదు. నాటుకోడి పులుసు వచ్చాకే సంగటి తెమ్మనండి. నాటుకోడి మెత్తబడడానికి బ్రాయిలర్ కంటే చాలాసేపు పడుతుంది. పది నిమిషాల్లో చేసి తెస్తామన్నారంటే ముందే ఉడికించి ఉంచారన్నమాట. అదేమీ తప్పు కాదు. పులుసు నిలిస్తే రుచి కూడా.

బిర్యానీ హోటల్లో

ఇక్కడ అందరూ చేసే పొరపాటు స్టార్టర్లు. చికెన్ 65, అపోలో ఫిష్, మంచూరియా మూడూ వచ్చేసరికి ఆకలి తీరిపోతుంది. తర్వాత వచ్చిన బిర్యానీలో ముక్కలు ఏరుకుని రైసు వదిలేస్తారు. నలుగురికి ఒక్క స్టార్టర్ చాలు, దాన్ని కూడా బిర్యానీతో పాటే తెమ్మనండి.

సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో అనే పేర్లకు అన్ని హోటళ్ళలో ఒకే కొలత లేదు. ఒకచోట సింగిల్ ఒకరికి సరిపోతే, ఇంకోచోట ఇద్దరికి వస్తుంది. "ఎన్ని ముక్కలు, ఎన్ని ప్లేట్లవుతుంది" అని అడగండి. తెలియని చోట నలుగురున్నా ముగ్గురి లెక్కన చెప్పి, చాలకపోతే ముక్కల్లేని బిర్యానీ రైస్ ఒకటి తెప్పించుకుంటే సరి. ఎక్కువ చెప్పి మిగిల్చడం కంటే ఇది చవక.

హైదరాబాదీ దమ్ బిర్యానీలో పచ్చి మాంసం మసాలాతో అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి మూత బిగిస్తారు. అందుకే పైన తెల్లన్నం, అడుగున మసాలా. ప్లేటులో కూడా ముక్కలు రైసు కింద దాగి ఉంటాయి. పంచేవాళ్ళు పైపైన తీస్తే మొదటివాళ్ళకు తెల్లన్నం, చివరివాళ్ళకు ఉప్పూ కారం అంతా. అంచు నుంచి గరిటె అడుగుదాకా దించి, నిలువుగా తీసి వడ్డించాలి. అన్నీ కలిపేస్తే మెతుకు విరిగి ముద్దవుతుంది. మిర్చీ కా సాలన్‌లో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, చింతపండు ఉంటాయి. వేరుశనగ పడనివాళ్ళు గుంపులో ఉంటే ఈ సంగతి ముందే చెప్పాలి. సాలన్, రైతా పెద్ద ప్లేటు మీద ఎవరూ పోయకూడదు, ఎవరి పళ్ళెంలో వాళ్ళే.

మెతుకులు ఉండలు కట్టి, రైసు వేడిగా, ముక్క లోపల చల్లగా ఉంటే అది మళ్ళీ వేడిచేసిన బిర్యానీ. మార్చమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు, కాకపోతే సగం తిన్నాక కాదు, మొదటి ముక్క విరిచినప్పుడే. ఆర్డర్ చెప్పేటప్పుడే "కొత్త హండీ ఎప్పుడు దిగుతుంది" అని అడిగితే ఈ బాధే ఉండదు. పది నిమిషాలు ఆగమంటే ఆగండి.

నీళ్ళు, బిల్లు

కూర్చోగానే సీసా మూత తిప్పి పెట్టేస్తారు. కావాలంటే సరే, అక్కర్లేకపోతే సీలు తీయకముందే "మామూలు నీళ్ళు చాలు" అనండి. హోటల్లో కూర్చుని తాగే నీళ్ళ సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీం కోర్టు 2017లో చెప్పింది కాబట్టి, ఎమ్మార్పీకే ఇవ్వాలన్న వాదన బిల్లు దగ్గర పెట్టుకుని లాభం లేదు.

మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం, ఏసీ ఉన్నా లేకున్నా. బిల్లులో 2.5, 2.5గా రెండు వరసల్లో కనిపిస్తుంది. కాంపొజిషన్ పథకంలో (అమ్మకాల మీద పన్ను తామే కట్టే ఏర్పాటు) ఉన్న చిన్న హోటళ్ళు మన దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జీ సంగతి వేరు, అది పన్ను కాదు. దాన్ని దానంతట అదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. ఉంటే తీసేయమనండి. తీయకపోతే ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

టిప్పు నోటు రూపంలో ఇవ్వండి. క్యూఆర్ కోడ్‌కు కొట్టిన డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది, వడ్డించిన మనిషికి చేరిందో లేదో మనకు తెలియదు.

పంపకం దగ్గర స్నేహాలు చెడవు గానీ, మనసులో ఒక ముల్లు మిగులుతుంది. ఆరుగురు, అందులో ఇద్దరు శాకాహారులు అనుకుందాం. వాళ్ళవి 180 చొప్పున రెండు మీల్స్, 360. మిగతా నలుగురి బిర్యానీ, స్టార్టర్లు 1,840. మొత్తం 2,200, జీఎస్టీ 110, బిల్లు 2,310. సమానంగా పంచితే తలా 385. మీల్స్ తిన్న మనిషి అసలు ఖర్చు పన్నుతో కలిపి 189 మాత్రమే, బిర్యానీ తిన్నవాళ్ళది 483. ప్రతిసారీ ఆ ఇద్దరే నష్టపోతారు, నోరు తెరిచి అడగరు. శాకాహారం, మాంసాహారం రెండు బిల్లులు వేయమని ఆర్డర్ చెప్పేటప్పుడే అనండి, తర్వాత అంటే కౌంటర్లో విసుక్కుంటారు. ఒకరు చెల్లించి, మిగతావాళ్ళు అక్కడే, బల్ల దగ్గర ఉండగానే యూపీఐ పంపేయాలి. "సాయంత్రం పంపిస్తా" అన్నది సాధారణంగా రాదు.

మిగిలిన బిర్యానీ కట్టించుకుంటే రైతా, ఉల్లిపాయ ముక్కలు వేరే డబ్బాలో. ఎండలో కారులో పెట్టి తిరగకుండా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో చేరాలి.

భోజనం అయ్యాక అదే బల్ల మీద కబుర్లు పెట్టుకోకండి, వెనక కుర్చీ పట్టుకుని జనం నిలబడి ఉంటారు. అసలు ముచ్చట్లు ఇరానీ చాయ్ దగ్గర పెట్టుకోవాలి. అక్కడ డికాక్షన్ ఒక పాత్రలో, పాలు ఇంకో పాత్రలో విడివిడిగా మరుగుతూ ఉంటాయి, అడిగాక కప్పులో కలుపుతారు. ఆరుగురికి మూడు చాయ్, మూడు ఖాళీ కప్పులు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు చెప్పండి. బిస్కెట్ ముంచాక రెండు క్షణాల్లో తీసేయండి, మూడో క్షణంలో విరిగి అడుగున పడుతుంది.