దుకాణం బోర్డు ఆర్డరిచ్చే ముందు

హైదరాబాదులో కొత్తగా దుకాణం తెరిచేవారు బోర్డుకు వాడే షీటు గురించి, ఎల్‌ఈడీల గురించి ఎన్నో అడుగుతారు గాని, తెలుగు అక్షరాల ఎత్తు సంగతి అడగరు. 10 అడుగుల దూరానికి 1 అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉండాలన్నది ఈ పనిలో వాడుక లెక్క. రోడ్డు అవతల 60 అడుగుల దూరం నుంచి చదవాలంటే 6 అంగుళాలన్న మాట. అయితే అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు కట్టిన లెక్క. ‘లక్ష్మీ’ వంటి పేరులో పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు చేరి వరుస ఎత్తు బాగా పెరుగుతుంది కనుక, ఒత్తు కొస వరకు కాక, ఒత్తులేని ‘ల’ అక్షరానికే 6 అంగుళాలు పట్టాలని డిజైనరుకు కాగితం మీద రాసివ్వడం మంచిది. లేకపోతే ఒత్తులను నలిపి ఇరికిస్తారు. అమీర్‌పేట రద్దీలో బండి మీద వెళ్లేవారికి అవి మచ్చలుగానే కనిపిస్తాయి. ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కూర్చిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తారుమారవుతుంది కాబట్టి, అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని గీతల ఆకారాలుగా మార్చి పంపమనాలి. కటింగుకు ముందు ఒక్క పదాన్ని అసలు సైజులో కాగితంపై ముద్రించి, షట్టరుకు అంటించి, రోడ్డు అవతలి నుంచి చూసుకోవాలి.