విశాఖ స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరంలో కొత్తగా దిగారా?
ముందు ఒక కాగితం మీద రోజూ పలకరించే పదిమంది పేర్లు రాసి, ఎవరు ఎవరికి ఏమవుతారో గీతలు కలపండి. స్టీల్ ప్లాంటులో మీతో షిఫ్టు చేసే ఆయనే పక్క క్వార్టర్లో ఉంటారు, వాళ్లావిడే మీ పాపకి ట్యూషన్ చెప్తారు, ఆవిడ తమ్ముడే వినాయక చవితి చందా పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు. అందుకే డ్యూటీలో గొడవ ఇంటి గేటు దాకా తేవద్దు. బజారులో ఆనపకాయ గోరుతో గిచ్చి చూస్తూ ఒకరి గురించి అన్న మాట, సంచి నిండేలోపే వాళ్లింటికి చేరిపోతుంది. అలాంటి మాట వల్లే మాకూ పక్కింటికీ ఆరు నెలలు మాటల్లేవు, ఇప్పటికీ బాధే. కోపం ఉంటే మధ్యవర్తి వద్దు, టీ తాగుతూ వాళ్లతోనే చెప్పండి. కాకపోతే నైట్ షిఫ్టు చేసొచ్చిన ఇంటి తలుపు పొద్దున్నే కొట్టకండి, సాయంత్రం వెళ్లండి.